డేటాబేసునకు పోవు దారి
పిల్లల ప్రోగ్రాములలో సంబంధ దోషములను కనిపెట్టు క్రమము

పై తరగతుల పిల్లలు నేడు లెక్కలతోను, వ్యాకరణముతోను పాటు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయుటయు నేర్చుకొనుచున్నారు. వారు మొదట వ్రాయు ప్రోగ్రాములలో పెక్కు ఒకే తీరువి. తరగతిలోని పేర్ల పట్టికనో, గ్రంథాలయపు పుస్తకముల జాబితానో డేటాబేసులో భద్రపరచి, కావలసినప్పుడు తెరమీదికి రప్పించుటయే వాని పని. ఇందు మొదటి మెట్టు ప్రోగ్రామునకును డేటాబేసునకును సంబంధము కలుపుట. చాలమంది పిల్లలు ఆ మెట్టు కడనే నిలిచిపోవుదురు. తెరమీద ఒక ఆంగ్ల వాక్యము, దాని ప్రక్కన ఒక సంఖ్య కనబడును. తెలుగు మాధ్యమమున చదువు పిల్లవాడు దానిని పూర్తిగా చదువక మునుపే బెదరి, ఆ కిటికీ మూసివేసి, ఈ విద్య మనవంటివారికి కాదని నిశ్చయించుకొనును. దోషము చిన్నది, నిశ్చయము పెద్దది. ఆ నిశ్చయమునకు చోటీయకుండుటకే ఈ పాఠము వ్రాయుచున్నాము.

మేము చెప్పదలచిన మాట ఒక్కటియే. తెరమీద కనబడు ఆ వాక్యము తిట్టు కాదు, సాక్ష్యము. ప్రోగ్రాము ఇల్లు విడిచి ఎంతదూరము పోయినదో, ఏ వాకిట నిలిచిపోయినదో అది చెప్పును. ఆ సాక్ష్యమును విని, వాకిళ్లను వరుసగా పరీక్షించినచో దోషము తప్పక దొరకును. వినక, కంటికి కనబడినదెల్ల మార్చిపారవేసినచో ఉన్న దోషమునకు మరి నాలుగు తోడగును. ప్రోగ్రాములు వ్రాయుట ఎరుగని తల్లిదండ్రులకును ఈ మాట ఉపయోగించును. పిల్లవాని ప్రక్కన కూర్చుండి “ఏమని రాసి ఉంది నాయనా, చదువు” అని యడుగుటకు ఆ విద్య తెలిసియుండ నక్కరలేదు గదా!

ఉదాహరణమునకు పీహెచ్‌పీ అను స్క్రిప్టు భాషను, మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసును గైకొందము. రెండును 1995లో లోకమునకు వచ్చినవి. రెండును వెల లేకుండ లభించునవి గనుక చిన్న పాఠశాలలలో సైతము వీనిని నేర్పుటకు వీలగుచున్నది. స్క్రిప్టు భాషలో వ్రాసిన వాక్యములు నడుపు సమయముననే చదువబడి అమలు జరుగును. అందువలన పని త్వరగా సాగును. కాని సంబంధ దోషములు వ్రాయునప్పుడు కాక, నడుపునప్పుడు మాత్రమే బయటపడును.

డ్రైవరు అను దుబాసి

డ్రైవరు అనగానే మనకు బండి తోలువాడు స్ఫురించును. ఇచ్చట ఆ అర్థము పొసగదు. కంపెనీవారి కాలమున చెన్నపట్టణములో దొరలకును దేశీయ వర్తకులకును నడుమ నిలిచి, ఇరువురి భాషలును ఎరిగి, బేరము నడపినవారిని దుబాసీలనిరి. అట్టి వారిలో తెలుగువారును ఉండిరి. డేటాబేసు డ్రైవరు అట్టి దుబాసియే. ప్రోగ్రాము మాటలాడునది పీహెచ్‌పీ. డేటాబేసు సర్వరు ఎరిగినది తన సొంత సంకేత భాష. నడుమ నున్న డ్రైవరు ఒకరి మాటను రెండవవారికి తెలియునట్లు మార్చి చెప్పును.

ఈ దుబాసిని వెంటబెట్టుకొని ప్రోగ్రాము ఆరు వాకిళ్లు దాటవలసియుండును. దుబాసి దొరకుట మొదటిది. సర్వరు ఉన్న చిరునామా తెలియుట రెండవది. ఆ చిరునామాలోని తలుపు తెరచియుండుట మూడవది. కావలివాడు పేరు, పాస్‌వర్డు అడిగి లోనికి విడుచుట నాలుగవది. కావలసిన గది దొరకుట ఐదవది. గదిలోని వ్రాతను సరియైన లిపిలో చదువుట ఆరవది. ఒక వాకిలి దాటనిదే తరువాతి దానిని చేరుట సాధ్యము కాదు. కావున నాలుగవ వాకిట దోషము కనబడినదనిన మొదటి మూడును సవ్యముగా నున్నవని అర్థము. ఈ ఒక్క సూత్రము పిల్లవానికి సగము శ్రమ తప్పించును.

మొదటి వాకిలి: దుబాసి లేకుండుట

‘కుడ్ నాట్ ఫైండ్ డ్రైవర్’ అను వాక్యము కనబడినచో దుబాసి దొరకలేదని భావము. ప్రోగ్రాము ఇంకను ఇల్లు కదలలేదు. ఈ స్థితిలో పాస్‌వర్డును మార్చుటయు, సర్వరును ఆపి మరల నడపుటయు వృథా. బయలుదేరని మనిషికి దారిలోని వంతెన విరిగినదో లేదో తెలియదు.

దీనికి సామాన్యముగా కారణములు రెండు. డ్రైవరును యంత్రములో అసలు స్థాపింపకుండుట ఒకటి. ఉబుంటు మొదలగు లినక్సు పంపిణీలలో పీహెచ్‌పీ ఒక పొట్లముగను, దాని మైఎస్‌క్యూఎల్ డ్రైవరు వేరొక పొట్లముగను వచ్చును. మొదటిది స్థాపించినంత మాత్రమున రెండవది రాదు. ఇక డ్రైవరు ఉండియు నిద్రించుచుండుట రెండవ కారణము. పీహెచ్‌పీకి ఒక అమరికల పత్రము కలదు. అందు ఏ పంక్తికి ముందు అర్ధవిరామ చిహ్నము, అనగా సెమికోలను, ఉండునో ఆ పంక్తి లెక్కలోనికి రాదు. డ్రైవరు పేరు గల పంక్తికి ముందున్న ఆ చిహ్నమును తొలగించి, వెబ్ సర్వరును మరల ప్రారంభించిన పని జరుగును. పత్రమును మార్చి సర్వరును మరల ప్రారంభింపని యెడల మార్పు అమలులోనికి రాదు.

ఇచ్చట ఒక సూక్ష్మము కలదు. ఒకే యంత్రమున పీహెచ్‌పీ రెండు కాపురములు చేయుచుండును. ఆజ్ఞల కిటికీలో నడుచునది ఒకటి, వెబ్ సర్వరు క్రింద నడుచునది మరియొకటి. రెండింటికిని అమరికల పత్రములు వేరుగా నుండవచ్చును. ఆజ్ఞల కిటికీలో చక్కగా నడచిన ప్రోగ్రాము బ్రౌజరులో డ్రైవరు లేదనుటకు ఇదియే కారణము. ఆజ్ఞల కిటికీలో పీహెచ్‌పీ అని వ్రాసి, ఖాళీ విడిచి, చిన్న గీతయు ‘ఎం’ అక్షరమును చేర్చినచో అచ్చట మేలుకొనియున్న విభాగముల జాబితా వచ్చును. బ్రౌజరు వైపు సంగతి తెలుసుకొనుటకు ‘పీహెచ్‌పీ ఇన్‌ఫో’ అను ఫంక్షను కలదు. అది యంత్రపు గుట్టంతయు చూపునది గనుక చూచిన వెంటనే ఆ పుటను తీసివేయవలెను.

పాత పుస్తకములవలన కలుగు చిక్కు మరియొకటి. వానిలో ‘మైఎస్‌క్యూఎల్ కనెక్ట్’ అను ఫంక్షను విరివిగా కనబడును. 2013లో వచ్చిన 5.5వ కూర్పు దానిని వాడవద్దని హెచ్చరించినది. 2015లో వచ్చిన 7.0వ కూర్పు దానిని పూర్తిగా తొలగించినది. కావున పాత పాఠమును చూచి వ్రాసిన పిల్లవానికి ‘కాల్ టు అన్‌డిఫైన్డ్ ఫంక్షన్’ అను వాక్యము కనబడును. పిల్లవాని వ్రాతలో తప్పులేదు. పుస్తకమునకు వయస్సు మీరినది. పీడీవో గాని, మైఎస్‌క్యూఎల్‌ఐ గాని వాడు నేటి పద్ధతిని నేర్పవలెను. ప్రాచీన కావ్యములు ఎంత పాతవైన అంత విలువ. ప్రోగ్రాము పాఠములకు మాత్రము అచ్చైన సంవత్సరము చూడవలెను.

రెండవ, మూడవ వాకిళ్లు: చిరునామాయు తలుపును

ఈ రెండింటి దోషములకును పీహెచ్‌పీ చూపు సంఖ్య తరచుగా ఒక్కటే: 2002. సంఖ్యను మాత్రము చూచి మందు వేయువారు ఇచ్చట మోసపోవుదురు. సంఖ్య రోగము పేరు వంటిది, దాని తరువాతి మాటలు లక్షణములు. ఆ తోకను చదివియే నిర్ణయింపవలెను.

‘నేమ్ ఆర్ సర్వీస్ నాట్ నోన్’ అని యున్నచో చిరునామాలోని పేరు ఎవరికిని తెలియదని భావము. పేరులో అక్షరము తప్పినదేమో, చివర ఖాళీ చేరినదేమో చూడవలెను.

‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అని యున్నచో పిల్లలు తమ ప్రోగ్రాము ఫైలే పోయినదని భ్రమింతురు. అది కాదు. లినక్సులో ‘లోకల్‌హోస్ట్’ అని చిరునామా వ్రాసినచో డ్రైవరు వీథి గుమ్మమున పోక, అదే యంత్రములోని సాకెట్టు ఫైలు అను పెరటి గుమ్మమును వెదకును. ఆ ఫైలు అనుకొన్న చోట లేనప్పుడు ఈ వాక్యము వచ్చును. సర్వరు నడవకుండుట గాని, సాకెట్టు ఫైలు వేరు చోట నుండుట గాని దీనికి కారణము. లోకల్‌హోస్ట్‌నకు బదులు 127.0.0.1 అని వ్రాసి చూచినచో డ్రైవరు వీథి గుమ్మమునకే పోవును. పెద్దలకు రెండును ఒక్కటే యని తోచును. దుబాసికి మాత్రము రెండును వేరు దారులు.

‘కనెక్షన్ రిఫ్యూజ్డ్’ అని యున్నచో యంత్రము దొరకినది గాని, తట్టిన తలుపున పలుకువారు లేరు. యంత్రమునకు 65,535 వరకు సంఖ్యలు గల తలుపులు కలవు. వానికే పోర్టులని పేరు. మైఎస్‌క్యూఎల్ మామూలుగా 3306వ తలుపు కడ కూర్చుండును. సర్వరును ప్రారంభింపకుండుటయో, అది వేరొక తలుపు కడ కూర్చుండుటయో కారణము కావచ్చును. ఉబుంటు పంపిణీలో మైఎస్‌క్యూఎల్ తన యంత్రములోనివారి పిలుపునే వినునట్లు ముందుగా అమర్చబడియుండును. కావున ప్రయోగశాలలోని ఒక కంప్యూటరునుండి మరియొక కంప్యూటరులోని డేటాబేసును పిలిచినప్పుడు ఈ తిరస్కారము వచ్చుట సహజము.

‘కనెక్షన్ టైమ్డ్ అవుట్’ అనునది దీనికి భిన్నము. తిరస్కారము తక్షణమే వచ్చును. ఇది చాలసేపు నిరీక్షించిన పిమ్మట వచ్చును. నడుమ నున్న ఫైర్‌వాల్ పిలుపును మ్రింగివేయుచుండవచ్చును, లేదా ఆ చిరునామాలో యంత్రమే లేకపోవచ్చును. “వెంటనే వచ్చిందా, ఆలస్యంగా వచ్చిందా?” అను ప్రశ్న చాల విలువైనది. లేదని చెప్పినవాడు ఇంట నున్నట్లే. ఎంత పిలిచినను పలుకనివాని సంగతి వేరు.

నాలుగవ వాకిలి: కావలివాడు

1045 అను సంఖ్యతో ‘యాక్సెస్ డినైడ్’ అను వాక్యము వచ్చినచో ఒక విధముగా సంతోషింపవలెను. దుబాసి దొరకినాడు, చిరునామా సరియే, తలుపును తెరచియే యున్నది. కావలివాడు మాత్రము విడువలేదు. ఈ వాక్యము చివర కుండలీకరణములో ‘యూజింగ్ పాస్‌వర్డ్’ అని, దాని ప్రక్కన ‘యెస్’ అనియో ‘నో’ అనియో యుండును. చాలమంది దీనిని చదువరు. కీలకము అందే కలదు.

‘నో’ అని యున్నచో పాస్‌వర్డు తప్పు కాదు. అసలు పాస్‌వర్డే అందలేదు. ప్రోగ్రాములో పాస్‌వర్డు ఉంచిన చరరాశి పేరు తప్పుగా వ్రాసియుందురు, లేదా అమరికల ఫైలును ప్రోగ్రాము చదివియుండదు. ‘యెస్’ అని యున్నచో పాస్‌వర్డు అందినది గాని ఒప్పలేదు. పాస్‌వర్డు తప్పైయుండవచ్చును, ఆ పేరు గల ఖాతాయే లేకపోవచ్చును. ఏది కారణమో కావలివాడు చెప్పడు. చెప్పినచో దొంగకు సగము పని చేసిపెట్టినట్లగును.

మైఎస్‌క్యూఎల్‌లో ఖాతా పేరునకు రెండు భాగములు కలవు: ఎవరు, ఎచ్చటినుండి. ఒకే పేరు గల మనిషి ఈ యంత్రమునుండి వచ్చినచో ఒక ఖాతా, మరియొక యంత్రమునుండి వచ్చినచో వేరొక ఖాతా. మన పల్లెలలో ఒకే పేరు గలవారు పలువురున్నప్పుడు ఇంటిపేరు చేర్చి పిలుచుట లేదా? అట్లే. తెరమీది వాక్యములో పేరునకు తరువాత వచ్చు యంత్రపు పేరును చూచి, ఆ జంటకు ఖాతా కలదా యని విచారింపవలెను.

2018లో వెలువడిన మైఎస్‌క్యూఎల్ 8.0 కొత్త ఖాతాలకు పాస్‌వర్డును సరిచూచు పద్ధతిని మార్చినది. పాత డ్రైవరులకు ఆ పద్ధతి తెలియదు. అట్టిచోట 2054 అను సంఖ్యతో, సర్వరు కోరిన పద్ధతి తనకు తెలియదని డ్రైవరు చెప్పుకొనును. సర్వరును పాత పద్ధతికి దింపుమని కొందరు సలహా ఇత్తురు. ఆ పాత పద్ధతి 2024లో వచ్చిన 9.0వ కూర్పులో తొలగింపబడినది గనుక ఆ సలహా నిలుచునది కాదు. క్రొత్త పద్ధతి తెలిసిన పీహెచ్‌పీ కూర్పును స్థాపించుటయే మేలు.

ఈ వాకిటనే పిల్లలకు ఒక దుర్బుద్ధి పుట్టును. ‘రూట్’ అను సర్వాధికారి ఖాతాతో పోయినచో అడ్డులేదని, పాస్‌వర్డు తీసివేసినచో ఇంకను సుఖమని తలంతురు. అది బీగము తెరుచుకొనలేదని తలుపు ఊడబెరుకుట వంటిది. పేర్ల పట్టికలో పిల్లల పుట్టిన తేదీలు, ఇంటి చిరునామాలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు ఉండును. ఆ పట్టిక చదువుటకు ఎంత అధికారము కావలెనో అంత మాత్రమే గల ఖాతాను వేరుగా సృష్టింపవలెను.

ఐదవ వాకిలి: గది దొరకకుండుట

1049 అను సంఖ్యతో ‘అన్‌నోన్ డేటాబేస్’ అని వచ్చినచో లోనికి పోయితిమి గాని అడిగిన గది లేదు. పేరులో తప్పు కలదేమో చూచిన చాలును. విండోసు యంత్రములో ఆంగ్లమునందలి పెద్దబడి, చిన్నబడి అక్షరములకు భేదము పాటింపబడదు; లినక్సులో పాటింపబడును. ఇంట విండోసులో నడచిన ప్రోగ్రాము లినక్సు సర్వరు మీద గది దొరకలేదనుటకు తరచుగా ఇదియే హేతువు. 1044 అను సంఖ్య వచ్చినచో ఆ గదిలోనికి పోవుటకు ఈ ఖాతాకు అనుమతి లేదని అర్థము.

ఆరవ వాకిలి: లిపి

ఐదు వాకిళ్లు దాటిన పిమ్మట తెరమీద దోష వాక్యమేదియు రాదు. పిల్లవాడు పని పూర్తియైనదని సంతసించును. కాని మనవారికి అసలు కష్టము ఇచ్చటనే కలదు. ‘గాయత్రి’ అని వ్రాసిన చోట ఏడు ప్రశ్నార్థకములు కనబడును. లేదా ఎవరికిని చదువరాని వింత లాటిన్ అక్షరములు వరుసగా కనబడును. సంబంధము కలిసినది గాని లిపి కలియలేదు.

కారణము వినుడు. 1991లో వెలువడిన యూనికోడు మొదటి కూర్పునుండియు తెలుగునకు అందు స్థానము కలదు. నేడు వ్యాప్తిలో నున్న యూటీఎఫ్-8 పద్ధతిలో మన ప్రతి సంకేతమునకు మూడు బైట్లు పట్టును. ‘గాయత్రి’లో గకారము, దీర్ఘము, యకారము, తకారము, పొల్లు, రేఫ, గుడి, వెరసి ఏడు సంకేతములు, 21 బైట్లు. సంబంధము కలుపునప్పుడు ఏ లిపిలో మాటలాడుకొందమో డ్రైవరును సర్వరును ఒప్పుకొనవలెను. 8.0వ కూర్పునకు పూర్వము ఎవరును ఏమియు చెప్పనిచో సర్వరు లాటిన్ లిపినే గైకొనుచుండెను. లాటిన్ పట్టికలో తెలుగక్షరమునకు చోటు లేదు గనుక దాని స్థానమున ప్రశ్నార్థకమును పెట్టును.

ఇట్టి వేళ తొందరపడి పట్టికను చెరిపి మరల వ్రాయరాదు. ముందుగా పట్టికకు నకలు తీసి వేరుచోట భద్రపరుపవలెను. పిమ్మట ‘హెక్స్’ అను ఫంక్షనుతో లోపల నిజముగా నున్న బైట్లను చూడవలెను. ఫలితము ‘ఈ0బీ0’ అని ప్రారంభమైనచో మన తెలుగు లోపల క్షేమముగా నున్నది. చదువునప్పటి సంబంధమునందే లోపము కలదు. ‘సీ3ఏ0’ అని ప్రారంభమైనచో అక్షరములు రెండుమార్లు వేషము మార్చుకొన్నవి. తెలిసినవారు వానిని తరచుగా మరల స్వరూపమునకు తేగలరు. ‘3ఎఫ్’ అని మరల మరల వచ్చినచో లోపల నిలిచినవి నిజముగా ప్రశ్నార్థకములే. ఆ పేరు పోయినది. కాగితపు రిజిస్టరు చూచి మరల వ్రాయవలసినదే.

ఈ నష్టము మనకు ఇతరులకంటె అధికము. తమిళదేశమున నున్న మన పిల్లల పేర్లు తెలుగున, తమిళమున, ఆంగ్లమున వ్రాయబడుచుండును. తమిళ లిపిలో క, ఖ, గ, ఘలకు ఒక్కటే అక్షరము. ప, ఫ, బ, భలకును ఒక్కటే. అది ఆ భాషకు సహజమైన ఏర్పాటు; అందు లోపమేమియు లేదు. కాని తెలుగు పట్టిక పోయి, తమిళ పట్టికనుండి పేర్లను మరల తెలుగున వ్రాయవలసి వచ్చినప్పుడు ఆ పిల్ల గాయత్రియో కాయత్రియో, ఆ బాలుడు భాస్కరుడో పాస్కరుడో ఆ కుటుంబము నెరుగనివాడు అక్షరమును చూచి చెప్పజాలడు. తాత పెట్టిన పేరు మనుమని యోగ్యతాపత్రములో మారి నిలిచిపోవుట చిన్న సంగతి కాదు.

నివారణోపాయము సులభము. సంబంధము కలుపు పంక్తిలోనే లిపి పేరు ‘యూటీఎఫ్8ఎంబీ4’ అని స్పష్టముగా వ్రాయవలెను. పట్టికకును అదే లిపిని నిర్ణయింపవలెను. మైఎస్‌క్యూఎల్‌లో వట్టి ‘యూటీఎఫ్8’ అనునది మూడు బైట్ల వరకే పట్టునది; తెలుగునకు చాలును గాని నాలుగు బైట్ల చిహ్నములు వచ్చినప్పుడు చిక్కుపడును. 2010లో వచ్చిన ‘ఎంబీ4’ రూపము అన్నింటికిని చాలును. పట్టికలో పేర్లన్నియు ఎక్కింపక మునుపు సంయుక్తాక్షరములు గల నాలుగు తెలుగు పేర్లు ఎక్కించి, మరల రప్పించి, హెక్సు చూచి, పిమ్మట తక్కినవి ఎక్కించుట ఉత్తమము.

నడుమ తెగు సంబంధములు

కొన్ని సంబంధములు మొదట కలిసి, నడుమ తెగును. ‘సర్వర్ హాజ్ గాన్ అవే’ అను 2006వ దోషము అట్టిది. సర్వరు ఎక్కడికిని పోలేదు. ఏ పనియు చెప్పక ఊరకున్న సంబంధమును 28,800 సెకండ్లకు, అనగా ఎనిమిది గంటలకు, త్రెంచివేయుట దాని మామూలు అమరిక. మితిమీరిన పెద్ద సమాచారమును ఒక్కమారుగా పంపినను ఇట్లే జరుగును. 1040వ దోషము ‘టూ మెనీ కనెక్షన్స్’ అని చెప్పును. మైఎస్‌క్యూఎల్ మామూలుగా 151 సంబంధములనే ఒక్కసారిగా సహించును. పరిమితిని పెంచుటకు ముందు, ప్రోగ్రాము పని ముగిసిన సంబంధమును మూయక క్రొత్తవి తెరచుచున్నదేమో చూడవలెను. కుళాయి కట్టక తొట్టిని పెద్దది చేసిన ప్రయోజనమేమి?

ఇతరులను సహాయమడుగునప్పుడు

పిల్లలు దోష వాక్యమును ఫోటో తీసి పదిమందికి పంపుట వాడుక యైనది. సహాయమడుగుట మంచిదే. కాని పీహెచ్‌పీ పాత కూర్పులలో ఆ వాక్యముల వెంబడి వచ్చు జాడల పట్టికలో పాస్‌వర్డు సైతము అచ్చై వచ్చుట కలదు. 2022లో వచ్చిన 8.2వ కూర్పు దానిని దాచు ఏర్పాటు చేసినది. ఏ కూర్పైనను పంపక మునుపు పాస్‌వర్డు ఉన్నదేమో చూచి తుడిచి పంపవలెను. పదిమంది చూచు వెబ్ పుటమీద దోష వాక్యములు కనబడనీయక, వేరొక ఫైలులో వ్రాయబడునట్లు అమర్చుకొనవలెను.

తల్లిదండ్రులు అడుగదగిన ప్రశ్నలు

1. తెరమీద ఏమని యున్నది? సంఖ్యతో సహా, చివరి మాట వరకు చదువుము.

2. ఆరు వాకిళ్లలో ఇది ఏది? దీనికి ముందున్నవి దాటినట్లే గదా?

3. నిన్న నడచినదా? నడచియుండినచో నిన్నటికిని నేటికిని ఏమి మారినది?

4. ఇప్పుడు ఏ ఒక్క మార్పు చేయబోవుచున్నావు? అది పని చేయకున్న దానిని మునుపటివలె పెట్టితివా?

5. పట్టికకు నకలు ఉన్నదా?

ఈ ప్రశ్నలకు సమాధానములు మీకు తెలియనక్కరలేదు. పిల్లవాడు మీకు తెలుగులో చెప్పుటకు ప్రయత్నించునప్పుడే సగము చిక్కు విడిపోవును. ఆంగ్లములో చూచి బెదరిన వాక్యము తల్లికి వివరించు వేళ తెలుగులో అర్థమై కూర్చుండును. అర్థమైనదాని యెడ భయముండదు.

చివరగా ఒక మనవి. ప్రతి పిల్లవానికి ఇరువది పుటల నోటుపుస్తకము నొకటి ఇందుకై కొనియిండు. దోషము కనబడిన తేదీ, తెరమీది వాక్యము, దాని తెలుగర్థము, నిలిచిపోయిన వాకిలి, చేసిన చికిత్స, ఈ అయిదును అందు వ్రాయింపుడు. పీహెచ్‌పీ పోయి వేరొక భాష రావచ్చును, మైఎస్‌క్యూఎల్ పోయి వేరొక డేటాబేసు రావచ్చును. దుబాసి, చిరునామా, తలుపు, కావలి, గది, లిపి అను వరుస మాత్రము ఎచ్చటికి పోయినను చాలవరకు ఇదియే. ఒక సంవత్సరము శ్రద్ధగా వ్రాసిన ఆ నోటుపుస్తకము మరుసటి యేడు ఆ యింటి తమ్మునికో చెల్లెలికో తెలుగున చదువుకొనదగిన పాఠ్యపుస్తకము కాగలదు.